ప్రతీకార చర్యకు అందరూ ఆహ్వానితులే

మోకాలి గురించి ఒక చిన్న పాఠం చెప్పబోయి, నేను రెండు ఊళ్ల చేత కర్రలు పట్టించాను. ఈ సంగతి మా ఇంట్లోవాళ్లకు కూడా పూర్తిగా తెలియదు. తెలిస్తే పండగలకీ పబ్బాలకీ నన్ను మధ్యలో కూర్చోబెట్టి చెప్పించుకుని నవ్వుతారు. మీరు నన్ను ఎరగరు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. మీరూ నవ్వండి, ఏమనుకోను. మధ్యలో ఒక్కసారి 'పాపం' అంటే చాలు.

అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి ఏడాది నిండలేదు. సూళ్లూరుపేట నుంచి ఆటోలో పోతే పులికాట్ సరస్సు ఒడ్డున వచ్చే ఒక హైస్కూల్లో జీవశాస్త్రం టీచరుని. పుట్టింది వెంకటాచలం పక్కన, వరి పొలాల మధ్య. నాకు తెలిసిన నీళ్లు మడిలో నిలిచే నీళ్లు, తెలిసిన చేపలు పులుసులో తేలే చేపలు. అయితేనేం, బీఈడీలో మంచి మార్కులు వచ్చాయి. ఆ మార్కులు తలకెక్కి కూర్చున్నాయి. పుస్తకంలో ఏ మాట ఉంటే ఆ మాటే అనాలి, అక్షరం జారితే శాస్త్రం కూలిపోతుంది అని నా నమ్మకం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని సామెత. కొత్త టీచరమ్మ ఊరెరగదు.

మా బడికి రెండు పక్కలా రెండు జాలరి ఊళ్లు. అక్కడ కుప్పాలంటారు. ఒకటి పై కుప్పం, ఒకటి కింద కుప్పం. సముద్రపు నీళ్లు సరస్సులోకి వచ్చే చోటును మొగ అంటారు. పోటు నీళ్లతో రొయ్యలు వచ్చేది ఆ మొగ దగ్గరే. అందుకని అక్కడ వలలు వేసుకోవడానికి ఒకరోజు వీళ్ల వంతు, ఒకరోజు వాళ్ల వంతు అని తాతల నాటి కట్టుబాటు ఉంది. ఆ కుప్పాల్లో 'వంతు' అన్న మాటకు ఉన్న విలువ మా వైపు పట్టాదారు పాసుపుస్తకానికి కూడా లేదు.

ఆ ఏడు ఆ వంతు దగ్గరే తేడా వచ్చింది. కింద కుప్పం వాళ్లు తమది కాని రోజున వల వేశారు. పై కుప్పం వాళ్లు ఆ వలను కోసేశారు. ఆ తర్వాత కొట్టుకున్నారు. కట్లు కట్టించుకున్నారు, పెద్దలు కూర్చుని ఎలాగో రాజీ చేశారు. కానీ బడి పై కుప్పం వైపు ఉండడంతో కింద కుప్పం పిల్లలు గొడవైన రోజు నుంచి బడికి రావడం మానేశారు. వాళ్లలో చెంగమ్మ ఒకతి.

చెంగమ్మ పదో తరగతి. నా క్లాసులో నేను చెప్పింది నాకే తిరిగి చెప్పగల ఒకే ఒక్క పిల్ల. నేను చెప్పినదానికంటే బాగా చెప్పేది, ఆ సంగతి అప్పట్లో ఒప్పుకునేదాన్ని కాదు. తల్లీ తండ్రీ లేరు. పోలమ్మవ్వ పెంచింది. పోలమ్మవ్వ అంటే చెంగమ్మకు అవ్వ, కింద కుప్పానికి పెద్ద దిక్కు. ఆమె మాటకు అక్కడ మగవాళ్లు కూడా ఎదురు చెప్పరు. గొడవలు ఇలాగే సాగితే మనవరాల్ని రొయ్యలు ఒలిచే షెడ్డుకు పంపేస్తానని ఆమె అన్నట్టు నాకు తెలిసింది. ఒకసారి షెడ్డుకు పోయిన పిల్ల మళ్లీ బడికి రావడం నేనైతే చూడలేదు. పరీక్షలు దగ్గర పడుతున్నాయి. నాకు నిద్ర పట్టలేదు. ఎలాగైనా ఆ పిల్లను క్లాసులో కూర్చోబెట్టాలి అన్నదే నా పట్టుదల.

రాజీ అయ్యాక పోలమ్మవ్వ సోమవారం నుంచి పిల్లల్ని పంపుతానని కబురు చేసింది. అక్కడితో నేను ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ ఉత్సాహం ఆగితే కదా. ఆ వారం నేను చెప్పవలసిన పాఠం నాడీ వ్యవస్థ. రెండు కుప్పాల పెద్దల్నీ శనివారం బడికి పిలిచి, పిల్లల ఎదుట ఆ పాఠాన్ని ప్రయోగం చేసి చూపిస్తే, చదువు మీద గురి కుదురుతుంది, మనసులూ కలుస్తాయి, ఒక్క దెబ్బకు రెండు పిట్టలు అనుకున్నాను. దెబ్బ అన్న మాట అప్పుడే నా నోట్లోకి వచ్చేసింది చూడండి.

ఆ పాఠమేమిటో చిన్నపిల్లల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. తెలిసినవాళ్లు ఓపిక పట్టండి. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడం అని పెద్దలు వెక్కిరిస్తారు గానీ, ఆ ముడి నిజంగానే ఉంది. దాని పేరే నాడీ వ్యవస్థ. ఒళ్లంతా నాడులు పరుచుకుని ఉంటాయి. కొన్ని కబుర్లు లోపలికి మోసుకుపోతాయి, కొన్ని ఆజ్ఞలు బయటికి తెస్తాయి. మామూలు పనులకు మెదడు ఆలోచించి ఆజ్ఞ ఇస్తుంది. కానీ పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఇంటి పెద్దాయన్ని లేపి అనుమతి అడుగుతామా? దగ్గర ఎవరుంటే వాళ్లు దించేసి తర్వాత చెబుతారు. అలాగే చెయ్యి పెనానికి తగిలితే, వెన్నెముకలో ఉండే వెన్నుపాము మెదడును అడగకుండానే చేతిని వెనక్కి లాగిస్తుంది. మెదడుకు కబురు కాస్త ఆలస్యంగా చేరుతుంది, అప్పుడు మనం 'అబ్బా' అంటాం. మోకాలి చిప్ప కింద మెల్లగా తట్టితే వేలాడే కాలు దానంతటదే పైకి లేవడం కూడా ఇలాంటిదే.

ఇలా ఆలోచన లేకుండా జరిగే పనిని మా తెలుగు మీడియం పుస్తకం ఏమంటుందో తెలుసా? ప్రతీకార చర్య. అది జరిగే దారిని ప్రతీకార చర్యా చాపం అంటుంది. ఆ పేరు పెట్టిన పండితుడెవరోగానీ, పులికాట్ ఒడ్డున నివసించి ఉండడు.

ఊళ్లో ఏ కబురైనా చాటాలంటే మస్తాన్ అన్న ఉన్నాడు. ఆటోకు మైకు కట్టుకుని పెళ్లికీ చావుకీ రొయ్యల వేలానికీ ఒకే గొంతుతో ప్రచారం చేసేవాడు. చదవవలసింది నేనే రాసిచ్చాను. ఆ వాక్యాలు ఇప్పటికీ కంఠతా వచ్చు, మరిచిపోదామన్నా పోవు:

"రెండు కుప్పాల ప్రజలకు విజ్ఞప్తి. రేపు సాయంత్రం హైస్కూలు ఆవరణలో ప్రతీకార చర్యలు ప్రదర్శింపబడును. పై కుప్పం, కింద కుప్పం పెద్దలు తప్పక హాజరు కావలెను. మోకాళ్ల మీద సుత్తితో కొట్టి చూపబడును. మెదడుతో నిమిత్తం లేకుండా జరుగు ఈ చర్యలను కళ్లారా చూడవలెను. వెన్నుపాము కూడా చూపబడును. ప్రతీకార చర్యకు అందరూ ఆహ్వానితులే."

మస్తాన్ అన్న కాగితాన్ని ఒకసారి చదివాడు. తల గోక్కుని మళ్లీ చదివాడు.

"అమ్మా, దీన్ని చదవమంటారా?"

"చదవడానికే కదా ఇచ్చాను."

"ప్రతీకారం అని ఉండాదమ్మా."

"ప్రతీకారం కాదన్నా, ప్రతీకార చర్య. పుస్తకంలో మాట. ఒక్క అక్షరం మార్చవద్దు."

"సుత్తి గూడా ఉండాది."

"అది రబ్బరు సుత్తి."

"రబ్బరని రాయలేదే."

"అక్కడికి వచ్చాక వాళ్లకే తెలుస్తుంది."

"అది నిజమే," అన్నాడు మస్తాన్ అన్న దిగులుగా. "వచ్చినాక తెలస్తాది. మీరు చదువుకున్నోళ్లు. చదవమంటే చదివేస్తా."

ఆ మనిషి అంతటితో ఊరుకోలేదు. గంభీరమైన కబురు కదా అని ముందొకసారి, వెనకొకసారి డప్పుల మోత పెట్టాడు. శుక్రవారం సాయంత్రం ఆటో రెండు కుప్పాల్లోనూ వీధి వీధికీ తిరిగింది. నేను నా గదిలో కూర్చుని, గాలిలో తేలివస్తున్న నా వాక్యాలు వింటూ, విజ్ఞానం ప్రజల్లోకి పోతోందని మురిసిపోయాను. 'ప్రదర్శింపబడును' దగ్గర మస్తాన్ అన్న గొంతు ఎంత బాగా పలికిందో.

ఆ కబురు కుప్పాల్లో ఎలా దిగిందో నాకు తర్వాత తెలిసింది. పై కుప్పం వాళ్లు, రాజీ అయినట్టే అయి కింద కుప్పం సవాలు విసిరిందనుకున్నారు. కింద కుప్పం వాళ్లు, బడి పై కుప్పం పక్కనే ఉంది, టీచరమ్మ వాళ్ల మనిషి, పిల్లల సాకుతో పిలిపించి మోకాళ్లు విరగ్గొడతారనుకున్నారు. వెన్నుపాము అంటే ఏ జాతి పామో, కరిస్తే మందుందో లేదో అని కొందరు విచారించారట. 'మెదడుతో నిమిత్తం లేకుండా' అన్న ముక్క మాత్రం రెండు కుప్పాలకూ సబబుగానే తోచింది. కొట్లాటలో మెదడుకు పనేముంటుంది?

ఇదంతా ఆపగలిగిన మనిషి ఒక్కడే, మా హెడ్మాస్టరు గారు. ఆయన ఆ రెండు రోజులూ సూళ్లూరుపేటలో మీటింగుల్లోనే ఉన్నారు. చాలా మంచివారు, కాకపోతే ఆయన నాడులన్నీ పై అధికారుల ఫోనుకు ముడిపడి ఉండేవి. ఫోను మోగగానే, ఎవరిదో చూడకముందే లేచి నిలబడేవారు. అలవాటు మీద ఏర్పడే ప్రతీకార చర్యకు ఉదాహరణగా పిల్లలకు ఆయన్నే చెప్పాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది, ఉద్యోగం గుర్తొచ్చి మింగేశాను.

శనివారం సాయంత్రం నేను అన్నీ సిద్ధం చేసుకున్నాను. ఆవరణ మధ్యలో ఒక ఎత్తైన కుర్చీ. గోడ మీద వీపు తెరిచిన మనిషి బొమ్మ, సుద్దముక్కతో నేనే గీశాను. నా చిత్రకళ అంతంతమాత్రం కావడంతో వెన్నుపాము అచ్చం పాములాగే వచ్చింది. పిల్లలెవరో దానికి పడగ కూడా గీసి పుణ్యం కట్టుకున్నారు. డాక్టర్ల దగ్గర ఉండే చిన్న సుత్తి మాకు దొరకలేదు. టైల్స్ పరిచే మేస్త్రీ దగ్గర రబ్బరు సుత్తి అడిగి తెచ్చాను. అది కొబ్బరికాయంత ఉంది.

జనం వచ్చారు. అంత జనం వస్తారని నేను కలలో కూడా అనుకోలేదు. పై కుప్పం ఒక పక్క, కింద కుప్పం ఒక పక్క, మధ్యలో నేనూ నా కుర్చీ. చాలామంది చేతుల్లో తెడ్లు, పడవ గడలు ఉన్నాయి. పాపం పడవ దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా పాఠానికి వచ్చేశారు, ఎంత జ్ఞానతృష్ణ అనుకున్నాను. నా కళ్లు చెమర్చాయంటే నమ్మండి. కొందరు ఆడవాళ్లు కొంగులో ఏదో పొట్లం మూట కట్టుకుని ఉన్నారు. పిల్లలకు చిరుతిండి అనుకున్నాను. మిరప్పొడి అట.

మస్తాన్ అన్న తన మైకూ పెట్టెలూ దించి ఒక మూల నిలబడ్డాడు. మైకు అందుకోకుండానే, ఉత్త గొంతుతోనే నా ఉపన్యాసం మొదలుపెట్టాను.

"మీరంతా ఇంతగా తరలి రావడం నాకు చాలా సంతోషంగా ఉంది. మీ రెండు కుప్పాల మధ్య ఇలాంటిది ఒకటి జరిపించాలని నాకు ఎన్నాళ్లనుంచో కోరిక."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పల్లె జనం కదా, మొహమాటం అనుకున్నాను.

"ముందు పై కుప్పం నుంచి ఒకరు, ఆ తర్వాత కింద కుప్పం నుంచి ఒకరు వచ్చి ఈ కుర్చీలో కూర్చోండి. భయపడవద్దు. ఇద్దరికీ సమానంగా కొడతాను," అని కొబ్బరికాయంత సుత్తిని పైకెత్తి చూపించాను.

అప్పుడు జనంలోంచి పోలమ్మవ్వ ముందుకు వచ్చింది. ఒక చేత్తో చెంగమ్మ మణికట్టు గట్టిగా పట్టుకుని ఉంది. నా ఎదురుగా నిలబడి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏమ్మా టీచరమ్మా, నువ్వెవురు మా వోళ్లని కొట్టేదానికి?"

ఎత్తిన సుత్తిని మెల్లగా దించాను.

"బిడ్డల్ని పంపిద్దాం, చదువు చెడిపోతాది అని ఇంటింటికీ పొయ్యి చెప్పినా. నా మాట మీద అందరూ సరే అన్నారు. ఈడికొస్తే సుత్తి ఎత్తతా ఉండావు. ఇంక ఒక్క బిడ్డ కూడా ఈ గడప తొక్కదు. మా చెంగమ్మ షెడ్డుకు పోతాది. రొయ్యలన్నా ఒలుచుకుంటాది, మోకాళ్లన్నా మిగులుతాయి."

అవతలి పక్క నుంచి పై కుప్పం పెద్ద సుబ్బరాయుడన్న అందుకున్నాడు. "మేమేం చేసినాం అవ్వా? మస్తాన్ని పెట్టి చాటించింది మీరే గదా, ప్రతీకారం తీర్చుకుంటాం రమ్మని."

"మేమా? మీరు గదా."

"మేమెందుకు చాటిస్తాం?"

ఇద్దరూ మస్తాన్ అన్న వైపు తిరిగారు. మస్తాన్ అన్న నా వైపు తిరిగాడు. నేను తిరగడానికి నా వెనక గోడ తప్ప ఏమీ లేదు, గోడ మీద పాము తప్ప ఏమీ లేదు.

అప్పుడు తెలిసింది నాకు. ప్రతీకారం, సుత్తి, మోకాళ్లు, తెడ్లు, పొట్లాలు, అన్నీ ఒక్కసారిగా తలలో వరస కట్టాయి. నా నోరు ఎండిపోయింది. గుండె చెవుల్లో కొట్టుకుంది, అరచేతులు తడిసిపోయాయి. ప్రమాదం ఎదురైనప్పుడు మన నాడులు ఒంటిని పోరాటానికో పారిపోవడానికో సిద్ధం చేస్తాయని నేను ఎన్నోసార్లు చెప్పిన పాఠమే. పోరాటం నావల్ల కాదు. పారిపొమ్మని మెదడు స్పష్టంగా ఆజ్ఞ ఇచ్చింది. కాళ్లు మాత్రం ఉన్నచోటే నిలబడి వణికాయి. నాకు నిజంగా ఏడుపొచ్చింది. తెడ్లకు భయపడి కాదు. అవ్వ పిడికిట్లో చిక్కుకున్న చెంగమ్మ చెయ్యి చూసి. ఆ పిల్లను బడికి రప్పిద్దామని మొదలుపెట్టి నేనే నా చేతులతో షెడ్డుకు పంపించేస్తున్నాను.

మస్తాన్ అన్నకు నా మీద జాలి కలిగినట్టుంది. "మీరే చెప్పండమ్మా వాళ్లకి," అంటూ మైకు ఆన్ చేసి నాకు అందించబోయాడు. తొందరలో దాన్ని సౌండు పెట్టె ముందునుంచి తెచ్చాడు. అది చేసిన కుయ్యిమన్న మోత మీరు ఊహించుకోవలసిందే. సరస్సు మీది కొంగలు కూడా లేచి ఎగిరిపోయాయి.

రెండు కుప్పాలూ ఒక్కసారిగా ఉలిక్కిపడ్డాయి. ఇటువాళ్లూ అటువాళ్లూ ఒక్క క్షణంలో కళ్లు మూసి, భుజాలు ఎగరేసి, తెడ్లు వదిలేసి చెవులు మూసుకున్నారు. కర్రలన్నీ దబదబా ఇసుకలో పడ్డాయి. సుబ్బరాయుడన్న చెవుల మీద చేతులు పెట్టుకుని అవ్వనే చూస్తున్నాడు. అవ్వ కూడా అదే భంగిమలో అతన్నే చూస్తోంది.

చెవులు మూసుకోవడానికి అవ్వ చెంగమ్మ చెయ్యి వదిలేసింది. ఆ పిల్ల పకపకా నవ్వింది.

"అవ్వా, అదే."

"ఏందిమే అదే?"

"ప్రతీకార చర్య. టీచరమ్మ చెప్పింది అదే. ఇప్పుడు మీరంతా ఎగిరినారే, ఎవురైనా అనుకోని ఎగిరినారా? పీత పట్టినప్పుడు చెయ్యి నిన్ను అడిగి వెనక్కి వస్తాదా? దానంతట అదే వచ్చేస్తాది. దానికి మా బుక్కులో ఆ పేరు పెట్టుండారు. కొట్లాట కాదు అవ్వా, పాఠం."

చెప్పొచ్చేదేమంటే, శబ్దానికి ఉలిక్కిపడడం వెన్నుపాము పని కాదు, మెదడు అడుగు భాగం చేసే పని. మామూలుగా అయితే ఆ పిల్లను అక్కడే ఆపి సరిదిద్ది ఉండేదాన్ని. ఆ రోజు మాత్రం పుస్తకం మూసుకుని నోరు కూడా మూసుకున్నాను. నా టీచరు జీవితంలో అది మొదటి తెలివైన పని.

జనంలో ఒక గుసగుస మొదలైంది. "పీతా? అంతేనా?" అన్నారెవరో. "అంత దానికి సుత్తెందుకు?" అన్నారింకెవరో. పోలమ్మవ్వకు మాత్రం నమ్మకం కుదరలేదు. సుత్తి సంగతి తేలాలంది. తేల్చాలంటే ఎవరో ఒకరు కుర్చీలో కూర్చోవాలి. నా మనవరాలు చదివే చదువులో మోసముందో లేదో నేనే చూస్తానని ఆమే ఎక్కి కూర్చుంది.

సుబ్బరాయుడన్నకు ఆత్రం ఎక్కువ. దగ్గరగా చూడాలని వచ్చి సరిగ్గా ఆమె కాలి ముందు గొంతుక్కూర్చున్నాడు. నేను అవ్వ మోకాలి చిప్ప కింద అలా తట్టాను.

కాలు రవ్వంత లేస్తుందని పుస్తకంలో ఉంది. పోలమ్మవ్వ కాలు పుస్తకం చదవలేదు. అది లేచి తిన్నగా సుబ్బరాయుడన్న గడ్డానికి తగిలింది. ఆయన వెల్లకిలా ఇసుకలో పడ్డాడు.

పై కుప్పం వాళ్లలో ఒకడి చెయ్యి నేల మీది తెడ్డు వైపు కదలడం చూశాను.

"నేను తన్నలే నాయనా," అంది పోలమ్మవ్వ తాపీగా. "నరం తన్నింది."

ఆ తన్నులో నరం వాటా ఎంత, అవ్వ వాటా ఎంత అన్నది ఈనాటికీ తేలలేదు. నేను అడగలేదు, అడగను కూడా.

సుబ్బరాయుడన్న లేచి గడ్డం తడుముకున్నాడు. కోప్పడలేదు. ఏదో ఆలోచిస్తూ నన్ను అడిగాడు.

"అయితే టీచరమ్మా, ఆ పొద్దు మావోళ్లు వల కోసింది గూడా నరమేనా?"

వల కోసింది తమవాళ్లేనని పై కుప్పం నోటితో ఒప్పుకోవడం అదే మొదలట. నాకు ఆ సంగతి తెలియదు. పాఠంలో ప్రశ్న అడిగారు, జవాబు చెప్పాలి, అంతే.

"కాదండీ. నరం చేసేది రెప్పపాటులో అయిపోతుంది. వల కొయ్యాలంటే కత్తి వెతుక్కోవాలి, పడవెక్కాలి, మొగ దాకా పోవాలి. అంతసేపూ మెదడు మీతోనే ఉంది. వద్దని చెప్పడానికి దానికి బోలెడంత వ్యవధి ఉంది."

ఆయన తల వంచుకున్నాడు. "అయితే మెదడే," అన్నాడు.

పోలమ్మవ్వ కుర్చీలోంచి ముందుకు వంగింది. "మావోళ్లు మీ వంతు నాడు వల ఏసినారే, దానికీ మెదడే నాయనా. నరం మీదికి తోసేది కాదు," అంది. ఆ మాట ఆమె చాలా మెల్లగా అంది. అయినా రెండు కుప్పాలకూ వినిపించింది.

తర్వాత సుబ్బరాయుడన్న తుండుగుడ్డ దులుపుకుని, "సరే దిగవ్వా. ఇప్పుడు మా వంతు," అన్నాడు.

ఇక చూడాలి. వంతంటే వంతే. పై కుప్పం ఒకరు, కింద కుప్పం ఒకరు. వరస తప్పితే ఊరుకునేది లేదు. ఒక మోకాలు లేవకపోతే ఆ కుప్పానికి పరువు తక్కువ, మళ్లీ కొట్టమని పట్టు. ఎవరి కాలు ఎంత లేచిందో పక్కన నిలబడి చెప్పింది చెంగమ్మే. నా చెయ్యి నొప్పి పుడితే సుత్తి కూడా తనే అందుకుంది. తెడ్లు ఎవరివి ఎవరివో తెలియకుండా ఒకే కుప్పలో పడి ఉన్నాయి. పామూ చావలేదు, కర్రా విరగలేదు. గోడ మీది పాము పడగెత్తి అంతా చూస్తూనే ఉంది.

సరిగ్గా అప్పుడు జీపు వచ్చింది. ప్రతీకారం సంగతి ఎవరో హెడ్మాస్టరు గారికి ఫోన్ చేశారట. ఆయన మీటింగులో లేచి నిలబడి, నిలబడ్డవారు నిలబడ్డట్టే పోలీసుల దగ్గరికి పోయారట. ఎస్సై గారు దిగి, కుప్పగా పడి ఉన్న కర్రల్ని, వరసలో నిలబడ్డ జనాన్ని, సుత్తి పట్టుకున్న పిల్లను చూశారు. ఆయనకు ఏమీ అర్థం కాలేదు.

"ఇక్కడ ప్రతీకారం అని చాటించింది ఎవరు?" అని గద్దించారు.

పై కుప్పం చేతులు, కింద కుప్పం చేతులు, మస్తాన్ అన్న చెయ్యి, ఆఖరికి నా చెంగమ్మ చేతిలోని సుత్తి కూడా, ఎవరూ ఎవరినీ అడగకుండా, మెదడుతో నిమిత్తం లేకుండా, ఒక్కసారిగా లేచి నా వైపు చూపించాయి. ఆ రెండు కుప్పాలూ ఒక్క మాట మీద నిలబడడం అదే మొదటిసారని ఎస్సై గారే తర్వాత మెచ్చుకున్నారు.

సోమవారం చెంగమ్మ వచ్చింది. కింద కుప్పం పిల్లలంతా వచ్చారు. అవ్వ స్వయంగా గేటు దాకా దిగబెట్టి, "మెదడు ఉండేది చదివేదానికి, జాగ్రత్త," అని చెప్పి పోయింది. చెంగమ్మ ఇప్పుడు నెల్లూరులో ఫిజియోథెరపీ చదువుతోంది. రోజూ మోకాళ్లు తట్టడమే పని. అప్పుడప్పుడు నాకు మెసేజ్ పెడుతుంది: "మేడమ్, ఈ పొద్దు ఆస్పత్రిలో ప్రతీకారం తీర్చుకున్నా."

నా సంగతి అంటారా? ఆ వారం తర్వాత మస్తాన్ అన్న బడికి వచ్చాడు. నా పాఠం వల్ల తన మైకుకు చుట్టుపక్కల ఊళ్లలో మంచి పేరు వచ్చిందని, తరువాతి పాఠానికి ఊరికే ప్రచారం చేసి పెడతానని అన్నాడు. "పాఠం పేరు రాసీండమ్మా. అక్షరం మార్చను. మళ్లీ రెండు కుప్పాలూ వస్తాయి. ప్రదర్శన ఏ పొద్దు పెట్టుకుందాం?" అని వినయంగా నిలబడ్డాడు.

నేను ఉత్సాహంగా పుస్తకం తెరిచాను. పదో తరగతి చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, నాడీ వ్యవస్థ తర్వాత వచ్చే పాఠం ప్రత్యుత్పత్తి.

పుస్తకం ఎంత వేగంగా మూశానంటే, అందులో నా మెదడుకు ఏ ప్రమేయమూ లేదు. సూళ్లూరుపేట గుళ్లో ఉన్న చెంగాళమ్మ తల్లి సాక్షిగా, నా వెన్నుపాము సాక్షిగా, ఆ రోజు అక్కడే ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఇక ఏ పాఠాన్నీ మైకులో చాటించను.